మెకానిక్ వచ్చేదాకా ఎండ ఆగదు

ఎండలు ముదిరినప్పుడల్లా, తుపాను హెచ్చరిక వచ్చినప్పుడల్లా మనకు ఒకటే సలహా వినిపిస్తుంది. ఏసీ ఆగిపోతే మెకానిక్‌కి ఫోన్ చెయ్యండి. పైపు పగిలితే ప్లంబర్‌ని పిలవండి. గీజరు తేడాగా ఉంటే కంపెనీ మనిషి వచ్చేదాకా ముట్టుకోకండి. తెలియని పనిలో వేలు పెట్టకండి, ఆగండి. అపార్టుమెంటు సెక్రటరీ చెప్పేది ఇదే, ఇంటి ఓనరు అద్దెకున్నవాళ్ళకు చెప్పేది ఇదే, వేసవి జాగ్రత్తల పేరుతో పేపర్లో అచ్చయ్యేదీ ఇదే. ఎన్నేళ్ళుగానో వింటున్నాం గనక దీన్ని ఎవరూ ప్రశ్నించడం లేదు.

ఈ సలహా ఇచ్చేవాళ్ళ ఉద్దేశం మంచిదే. వాళ్ళ వాదనను ముందు పూర్తిగా చెప్పుకుందాం. ఏసీ అవుట్‌డోర్ యూనిట్‌లోని కెపాసిటర్ కరెంటు తీసేశాక కూడా కొంతసేపు ఛార్జి నిలుపుకుంటుంది. మూత విప్పి చెయ్యి పెట్టినవాణ్ణి కొడుతుంది. ఇప్పుడొస్తున్న ఏసీల్లో చాలావాటిలో వాడే ఆర్-32 గ్యాసుకు మండే గుణం ఉంది. ఇనప బాడీ కూలర్లు షాక్ కొట్టి వేసవిలో ప్రాణాలు తీస్తున్నాయి. పైపు జాయింటును తెలియక బిగిస్తే చిన్న లీకు పెద్దదవుతుంది. వారంటీ కూడా పోతుంది. కాబట్టి పని తెలిసినవాడే చెయ్యాలి, మిగతావాళ్ళు దూరంగా ఉండాలి. ఇదీ వాదన. మామూలు రోజుల్లో నేనూ ఇదే చెబుతాను.

నా అభ్యంతరమంతా మామూలుగా లేని రోజుల గురించి. నలభై అయిదు డిగ్రీల ఎండలో, వీధిలో నడుంలోతు నీళ్ళు నిలిచినప్పుడు, పైపుల్లో నీళ్ళు గడ్డకట్టే చలిలో ఈ సలహా పనిచెయ్యదు. పైగా హాని చేస్తుంది. అలాంటి రోజున మొదటి గంటలో చెయ్యాల్సిన పని ఇంట్లో ఉన్నవాళ్ళది. ఆ పనిని కూడా మెకానిక్ వచ్చేదాకా వాయిదా వెయ్యమనడం మనుషుల్ని ప్రమాదానికి వదిలెయ్యడమే.

1. అందరికీ ఒకేసారి చెడే రోజు

"ఫోన్ చేసి ఆగండి" అనే మాట వెనక ఒక నమ్మకం ఉంది. ఫోన్ చేస్తే ఎవరో ఒకరు కాసేపట్లో వస్తారన్న నమ్మకం. జనవరిలో వస్తారు. మే నెల మూడో వారంలో రారు. ఎందుకు రారో చూడండి.

ఏసీలు తలా ఒక రోజు వంతులేసుకుని చెడిపోవు. ఏసీ ఎంత చల్లదనం ఇస్తుందని డబ్బా మీద రాస్తారో, ఆ లెక్క కట్టేది బయట 35 డిగ్రీలున్నప్పుడు. రెంటచింతలలోనో రామగుండంలోనో బయట 45 దాటితే అదే ఏసీ ఇచ్చే చల్లదనం తగ్గిపోతుంది, లాగే కరెంటు పెరుగుతుంది. ఊరంతా అదే వేళకు ఏసీలు వేస్తుంది గనక ట్రాన్స్‌ఫార్మర్ మీద లోడు పెరిగి వోల్టేజి పడిపోతుంది. వోల్టేజి పడితే కంప్రెసర్ స్టార్ట్ కాలేక మూలుగుతుంది, వేడెక్కి ఆగుతుంది, కాసేపటికి మళ్ళీ ప్రయత్నిస్తుంది. ఇలా కొన్నిసార్లయ్యాక కాలిపోతుంది. అవుట్‌డోర్ యూనిట్లన్నిటినీ ఒక ఇరుకు డక్టులో ఒకదానిమీద ఒకటి బిగించిన అపార్టుమెంట్లలో పరిస్థితి ఇంకా అన్యాయం. కింది యూనిట్ వదిలిన వేడిగాలినే పై యూనిట్ పీల్చుకుంటుంది. చెడగొట్టే కారణం అందరికీ ఒకటే, చెడే సమయమూ ఒకటే. ఊళ్ళో మెకానిక్‌లు మాత్రం జనవరిలో ఎంతమందో మే నెలలోనూ అంతమందే.

ఇది మన దగ్గరి లోపమే అనుకునేవాళ్ళు 2021 ఫిబ్రవరిలో అమెరికాలోని టెక్సస్‌లో ఏం జరిగిందో గుర్తు చేసుకోవాలి. తెలుగు కుటుంబాలు పెద్ద సంఖ్యలో ఉండే డాలస్ ప్రాంతంలో ఆ నెల 16న చలి సుమారు మైనస్ 19 డిగ్రీల సెల్సియస్‌కు దిగింది. రాష్ట్రంలో 45 లక్షలకు పైగా ఇళ్ళకు, సంస్థలకు కరెంటు పోయింది. హీటర్లు ఆగాయి. గోడల్లో, అటకల్లో పోయిన పైపుల్లో నీళ్ళు గడ్డకట్టి పైపులు పగిలాయి. ప్లంబర్ల కోసం జనం రోజుల తరబడి, కొన్నిచోట్ల వారాల తరబడి ఎదురుచూశారు. దుకాణాల్లో జాయింట్లు, కప్లింగులు అయిపోయాయి. చివరికి గవర్నరు ప్లంబింగ్ లైసెన్సు నిబంధనలను సడలించాల్సి వచ్చింది. ప్రతి పనికీ లైసెన్సు, ప్రతి ఇంటికీ ఇన్సూరెన్సు ఉండే చోటే "పిలవండి, ఆగండి" అన్న సలహా అలా చేతులెత్తేస్తే, నరసరావుపేటలో అది ఎలా నిలబడుతుంది?

"మాకు ఏఎంసీ, అంటే ఏడాది సర్వీసు ఒప్పందం, ఉంది" అని కొందరు ధీమాగా అంటారు. ఆ కాగితం తీసి చదవండి. ఏడాదికి ఇన్ని సర్వీసులని ఉంటుంది. వడగాడ్పు రోజున ఎన్ని గంటల్లో వస్తారో అందులో ఉందేమో చూడండి.

2. ముందు మనిషి, తర్వాత మెషీన్

ఈ సలహాలో నన్ను ఎక్కువగా బాధించే లోపం ఇది. ఏసీ ఆగినప్పుడు ప్రమాదంలో పడింది ఏసీ అనుకుని, అందరి దృష్టినీ దానిమీదికి తిప్పుతుంది. గదిలో ఉన్న ఎనభై ఏళ్ళ మనిషిని మరిచిపోతుంది.

2017 సెప్టెంబరు 10న ఇర్మా తుపాను అమెరికాలోని ఫ్లోరిడాను తాకింది. అక్కడ హాలీవుడ్ హిల్స్ అనే వృద్ధుల సంరక్షణ కేంద్రంలో ఏసీకి కరెంటు ఇచ్చే ట్రాన్స్‌ఫార్మర్ దెబ్బతింది. దీపాలు వెలుగుతూనే ఉన్నాయి, ఏసీ మాత్రం లేదు. సిబ్బంది ఆ సలహాను అక్షరాలా పాటించారు. కరెంటు కంపెనీకి ఫోన్లు చేశారు, పై అధికారులకు చేశారు, వచ్చి బాగుచేస్తారని చూశారు. ఫ్యాన్లు, చిన్న కూలర్లు తెచ్చి పెట్టారు. ఒక రోజు గడిచింది, రెండు రోజులు గడిచాయి. 13వ తేదీ తెల్లవారుజామున వృద్ధులు ఒకరి తర్వాత ఒకరు కూలిపోతుంటే అప్పుడు ఖాళీ చేయించారు. చివరికి 12 మంది మరణాలను ఆ వేడి ఖాతాలో రాశారు. ఆ భవనానికి ఎదురుగా, రోడ్డు దాటితే, ఏసీ చక్కగా పనిచేస్తున్న పెద్ద ఆసుపత్రి ఉంది. మంచాలను ఆ రోడ్డు దాటించడానికి ఏ మెకానికూ అక్కర్లేదు. బాగుచేసేవాడు వస్తాడన్న ఎదురుచూపే ఆ ఆలోచనను మూడు రోజులు రానివ్వలేదు.

దీనికి పక్కనే అహ్మదాబాద్ సంగతి పెట్టి చూడండి. 2010 మే నెల వడగాడ్పుల్లో అక్కడి శారదాబెన్ ఆసుపత్రిలో పసికందులు ఎండ జబ్బుతో పెద్ద సంఖ్యలో ఐసీయూ పాలయ్యారు. ప్రసూతి వార్డు పై అంతస్తులో, కాలే స్లాబు కింద ఉండేది. వాళ్ళు చేసింది వార్డును కింది అంతస్తుకు దించడం. తర్వాతి వేసవుల్లో ఎండ వల్ల ఐసీయూలో చేరే పసిపిల్లల సంఖ్య తగ్గిందని వైద్యులు నమోదు చేశారు. అక్కడ ఎదురుచూపు లేదు. మనుషుల్ని కదిలించారు, అంతే.

మన అపార్టుమెంట్లలో అయిదో అంతస్తు వాళ్ళకు ఏసీ ఆగితే చెయ్యాల్సిన మొదటి పని ఇదే. ముసలివాళ్ళనూ, పసిపిల్లలనూ, గర్భిణులనూ, గుండె జబ్బున్నవాళ్ళనూ కింది అంతస్తులో తెలిసినవాళ్ళ ఇంటికి దించాలి. స్లాబు పగలంతా పీల్చిన వేడిని రాత్రంతా కక్కుతుంది కాబట్టి పొద్దుగూకితే తగ్గుతుందిలే అని ఊరుకోకూడదు. ఈ దించే పనికి పొరుగువాళ్ళతో ముందే మాట అనుకుని ఉండాలి. అప్పటికప్పుడు మొహమాటం అడ్డొస్తుంది.

ఇక వడదెబ్బ. ఒంటి వేడి 40 డిగ్రీలు దాటి, మనిషి తికమకగా మాట్లాడుతున్నా, తూలుతున్నా, ఫిట్స్ వచ్చినా అది వడదెబ్బే. అప్పుడు నిమిషాల లెక్క. 108కి ఫోన్ చెయ్యాలి. అంబులెన్సు వచ్చేదాకా ఆగకుండా అక్కడే చల్లబరచడం మొదలెట్టాలి. బట్టలు వదులు చేసి, ఒళ్ళంతా నీళ్ళతో తడుపుతూ గాలి విసరాలి. మెడ దగ్గర, చంకల్లో, గజ్జల్లో ఐసు ముక్కలు గుడ్డలో చుట్టి పెట్టాలి. స్పృహ సరిగా లేనివాళ్ళకు మజ్జిగైనా, నీళ్ళైనా నోట్లో పొయ్యకూడదు, ఊపిరితిత్తుల్లోకి పోతాయి.

ఇక్కడ ఎవరూ చెప్పని చిక్కు ఒకటుంది. మే నెల మధ్యాహ్నం రెండు గంటలకు కుళాయి తిప్పితే వచ్చేవి మిద్దె మీద ట్యాంకులో కాగిన నీళ్ళు. వాటితో ఎవర్ని చల్లబరుస్తాం? పొద్దున్నే రెండు బకెట్లు పట్టి స్నానాలగదిలో నీడన పెట్టుకున్న ఇంటికి ఆ సమయంలో దిక్కుంటుంది. సంపు ఉంటే అందులోని నీళ్ళు చల్లగా ఉంటాయి, కానీ కరెంటు లేనప్పుడు మోటారు తిరగదు కాబట్టి చేదుకోవడానికి తాడు, చిన్న బకెట్ ఉండాలి. కరెంటు గంటలకొద్దీ పోయే ఊళ్ళలో ఇన్సులిన్ వాడేవాళ్ళు మట్టికుండ చల్లదనంలో సీసా దాచుకోవచ్చు. సీసాను నేరుగా నీళ్ళలో ముంచకుండా మూత గట్టిగా ఉన్న డబ్బాలో పెట్టుకుంటే చాలు.

ఫ్యాను సంగతి కూడా తెలియాలి. గదిలో వేడి 40 డిగ్రీలు దాటాక ఫ్యాను గాలి ఒంటిని మరింత వేడెక్కిస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ హెచ్చరిస్తోంది. ఒళ్ళు, బట్ట తడిపి ఉంచుకోవాలి, వీలైతే చోటు మారాలి. కూలరు అనంతపురంలో, ఆదిలాబాదులో పొడిగాలికి పనిచేసినట్టు కాకినాడలో, విశాఖలో పనిచెయ్యదు. ఎక్కడైనా సరే కిటికీ తెరవకుండా కూలరు వేస్తే గదిలో తేమ పేరుకుని ఉక్క పెరుగుతుంది. వీటిలో ఏ ఒక్కటీ మెకానిక్ వచ్చాక తెలుసుకోవాల్సిన విషయం కాదు.

ఏసీ ఉన్న ఇళ్ళకు ఈ ముప్పు లేదనుకునేవాళ్ళకు ఇంకొక్క మాట. అరిజోనాలో ఫీనిక్స్ నగరం ఉన్న మరికోపా కౌంటీ, ఎండకు చనిపోయినవాళ్ళ వివరాలు ఏటా లెక్కతీస్తుంది. ఇంటి లోపల చనిపోయినవాళ్ళలో ఎక్కువమంది ఇళ్ళలో ఏసీ ఉంది. అది పనిచెయ్యడం లేదు. కెనడాలోని బ్రిటిష్ కొలంబియాలో 2021 వడగాడ్పులకు 619 మంది చనిపోతే వారిలో 98 శాతం ఇంటి లోపలే కన్నుమూశారు. ఎండలో తిరగొద్దని చెప్పి ఊరుకునే మన హెచ్చరికలు ఇంటి లోపల పొంచి ఉన్న వేడిని ఎప్పుడు పట్టించుకుంటాయి?

3. ఆపడం వేరు, బాగుచెయ్యడం వేరు

"చెయ్యి పెట్టొద్దు" అనేవాళ్ళు రెండు వేర్వేరు పనుల్ని ఒకే గాటన కడుతున్నారు. పగిలిన పైపును అతికించడం ప్లంబర్ పని. ఆ పైపులోకి వస్తున్న నీళ్ళను కట్టెయ్యడం ఎవరైనా చెయ్యగల పని. కాలిన వైరు మార్చడం ఎలక్ట్రీషియన్ పని. మెయిన్ ఆఫ్ చెయ్యడం పదేళ్ళ పిల్లకైనా నేర్పగల పని. నష్టమంతా జరిగేది ఈ రెండో పని చెయ్యకుండా మొదటి పనికోసం కూర్చున్నప్పుడే.

టెక్సస్‌లో పైపులు ఎలా పగిలాయో చూస్తే ఇది అర్థమవుతుంది. నీళ్ళు గడ్డకట్టినప్పుడు సుమారు 9 శాతం ఉబ్బుతాయి. పైపు మధ్యలో ఐసు బిరడాలా పడితే, ఆ బిరడాకూ మూసిన కుళాయికీ మధ్య చిక్కిన నీళ్ళ మీద ఒత్తిడి విపరీతంగా పెరుగుతుంది. పైపు చాలాసార్లు ఐసు ఉన్నచోట కాక, ఆ చిక్కిన నీళ్ళున్నచోట పగులుతుంది. కుళాయిని సన్నగా కారనివ్వమనేది అందుకే. ఆ ఒత్తిడికి దారి దొరుకుతుంది. పగిలిన పైపు వెంటనే బయటపడదు కూడా. చలి తగ్గి ఐసు కరిగాక ఒక్కసారిగా నీళ్ళు సీలింగు లోంచి కురుస్తాయి. అంటే మీటరు దగ్గర వాల్వు కట్టెయ్యడానికి ఆ ఇంటివాళ్ళకు గంటలకొద్దీ వ్యవధి ఉంది. కట్టినవాళ్ళకు ఒక మూర పైపు పోయింది. వాల్వు ఎక్కడుందో తెలియనివాళ్ళకు ఇల్లే పాడైంది.

హైదరాబాదులోనో విజయవాడలోనో ఎంతమందికి తమ ఫ్లాట్ వాల్వు ఎక్కడుందో తెలుసు? మిద్దె మీద ట్యాంకు నుంచి ఒక్కో స్నానాలగదికి, వంటింటికి వేర్వేరు లైన్లు దిగుతాయి. పైన పది ఇరవై వాల్వులు పక్కపక్కన ఉంటాయి, ఏది ఎవరిదో ఒక్కదానిమీదా రాసి ఉండదు. తెలిసిన ఏకైక మనిషి వాచ్‌మన్. అతను ఊరెళ్ళిన రోజే పైపు పగలొచ్చు. ఏళ్ళ తరబడి ఎవరూ తిప్పని గేట్ వాల్వు తుప్పుపట్టి బిగుసుకుపోయి ఉంటుంది, బలంగా తిప్పితే పిడి ఊడి చేతికొస్తుంది. అందుకే ఆర్నెల్లకోసారి మూసి తెరవాలి. మిద్దె మీద ఏళ్ళకొద్దీ ఎండకు మాడిన ప్లాస్టిక్ పైపులు పెళుసుబారతాయి. ట్యాంకరు నీళ్ళు కొనుక్కునే మే నెలలోనే అవి పుటుక్కుమనడం యాదృచ్ఛికమేమీ కాదు. అప్పుడు వాల్వు కట్టడం రాకపోతే కొన్న నీళ్ళన్నీ చూస్తుండగానే మురుగులో కలుస్తాయి.

వరద వచ్చినప్పుడు ఇది ఇంకా తీవ్రం. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి విజయవాడ సింగ్ నగర్, రాజరాజేశ్వరి పేట ప్రాంతాలు రోజుల తరబడి నీళ్ళలో ఉన్నాయి. వీధుల్లో పడవలు తిరిగిన ఆ రోజుల్లో ఏ ఎలక్ట్రీషియన్ కోసం ఆగాలి? నీళ్ళు గడప దగ్గరకు రాకముందే, నేల పొడిగా ఉన్నప్పుడే మెయిన్ ఆఫ్ చెయ్యాలి, సిలిండరు రెగ్యులేటరు కట్టెయ్యాలి. నీళ్ళు బోర్డు దాకా వచ్చాక దాని జోలికి పోకూడదు, కరెంటు ఫిర్యాదుల నంబరు 1912కి చెప్పి ఆ లైనుకే కరెంటు తీయించాలి. వరద తీశాక చాలామంది చేసే పొరపాటు మోటారు వెయ్యడం. సంపులోకి మురుగు కలిసిన వరద నీళ్ళు దిగి ఉంటాయి. మోటారు వేస్తే అవే మిద్దె మీద ట్యాంకుకు ఎక్కి ఇంట్లో ప్రతి కుళాయికీ చేరతాయి. సంపు ఖాళీ చేసి, కడిగి, బ్లీచింగ్ పౌడర్ వేశాకే దాన్ని వాడాలి. ఇది ఇంటి మనిషికి ముందే తెలిసి ఉండాల్సిన సంగతి. మోటారు మెకానిక్ వచ్చి తడిసిన కాయిల్ ఆరబెడతాడు గానీ, ఎవరు ఏ నీళ్ళు తాగారో అడగడు.

గ్యాసు విషయంలో ఆగమనడం మరీ ఘోరం. మూసిన స్నానాలగదిలో గ్యాస్ గీజరు సరిగా మండకపోతే కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. తలనొప్పి, వాంతి వచ్చినట్టుంటుంది, ఆ తర్వాత స్పృహ ఉండదు. టెక్సస్ చలిలో కూడా గ్యారేజీలో కారు ఆన్‌చేసి వెచ్చబడబోయినవాళ్ళూ, బొగ్గుల పొయ్యి ఇంట్లోకి తెచ్చుకున్నవాళ్ళూ ఈ గ్యాసుకే బలయ్యారు. అనుమానం రాగానే మనిషిని బయటి గాలిలోకి లాగాలి, తలుపులు బార్లా తెరవాలి. వంటగ్యాసు వాసన వస్తే రెగ్యులేటరు కట్టాలి, ఏ స్విచ్చీ వెయ్యకూడదు, తియ్యకూడదు, బయటికొచ్చి గ్యాసు ఎమర్జెన్సీ నంబరు 1906కి ఫోన్ చెయ్యాలి. ఫోన్ ఈ వరసలో చివరిది.

4. షాక్ భయానికి సమాధానం ఎదురుచూపు కాదు

అవతలి వాదనలో అన్నిటికన్నా బలమైనది కరెంటు భయం. దాన్ని నేను తేలిగ్గా తీసుకోను. కానీ ఇంట్లోవాళ్ళు షాక్‌తో చనిపోతున్నది ఎక్కడ? ఏసీ విప్పి కాదు. కూలర్లో నీళ్ళు పోస్తూ, బకెట్లో వాటర్ హీటర్ రాడ్ వేసి స్విచ్ తియ్యకుండానే వేడెక్కిందో లేదో వేలు పెట్టి చూస్తూ, తడిచేత్తో మోటారు స్టార్టర్ నొక్కుతూ. రోజువారీ పనుల్లో వచ్చే ఈ చావుల్ని "నిపుణుణ్ణి పిలవండి" అన్న సలహా ఇప్పటిదాకా ఆపలేదు, ఇకముందూ ఆపదు. కూలర్లో నీళ్ళు పొయ్యడానికి ఎవరూ ఎలక్ట్రీషియన్‌ని పిలవరు.

వీటిని ఆపేది సరైన ఎర్తింగు, బోర్డులో ఆర్‌సీసీబీ. 30 మిల్లీ ఆంపియర్ల కరెంటు దారి తప్పి ఒంట్లోంచి పోబోతే ఇది కంటిరెప్పపాటులో లైను కట్ చేస్తుంది. దానిమీద టెస్ట్ బటన్ ఉంటుంది, నెలకోసారి నొక్కి చూడాలి. మామూలు ఎంసీబీ ఈ పని చెయ్యదు. అది వైరును కాపాడుతుంది, మనిషిని కాదు. ప్రజల భద్రత కోసమే ఆగమంటున్నాం అనే అపార్టుమెంటు సంఘాలు, ఓనర్లు ముందు తమ బోర్డుల్లో ఆర్‌సీసీబీ ఉందో లేదో చూపించాలి. అది లేని ఇంట్లో అద్దెకున్న మనిషికి దేన్నీ ముట్టుకోవద్దని చెప్పడం బాధ్యత తీర్చుకోవడం అనిపించుకోదు.

ఏసీ దగ్గర కూడా మూత విప్పకుండా చెయ్యగలిగినవి ఉన్నాయి. స్విచ్ ఆఫ్ చేసి ఫిల్టర్ తీసి కడగడం. కాయిల్ మీద ఐసు పట్టి ఉంటే కూలింగ్ ఆపి కరగనివ్వడం. అవుట్‌డోర్ యూనిట్‌కు అడ్డంగా పెట్టిన సామాను తియ్యడం. వోల్టేజి తక్కువగా ఉన్నప్పుడు అదేపనిగా ఆన్, ఆఫ్ చెయ్యకుండా కాసేపు వదిలెయ్యడం. ఎంసీబీ పడితే ఒక్కసారి లేపి, మళ్ళీ పడితే ఇక ముట్టకపోవడం. చిన్న ఫిర్యాదులు ఇళ్ళలోనే తీరితే, మెకానిక్‌కి నిజంగా కంప్రెసర్ పోయిన ఇంటికి వెళ్ళే తీరిక దొరుకుతుంది.

5. ఆ వేళ ఇంట్లో ఉండేది ఎవరు?

మధ్యాహ్నం ఒంటిగంట నుంచి నాలుగింటి దాకా ఇంట్లో ఉండేది ఎక్కువగా ఇల్లాలు, ముసలి అత్తమామలు, సెలవుల్లో పిల్లలు, పనిమనిషి. వాల్వు, బోర్డు, మోటారు గురించి కాస్తోకూస్తో తెలిసిన మగవాడు ఆఫీసులో ఉంటాడు. అతనికి ఫోన్ చేస్తే అతను మెకానిక్‌కి ఫోన్ చేస్తాడు, మెకానిక్ సాయంత్రం చూద్దామంటాడు. ఇంట్లో ఉన్నవాళ్ళ చేతిలో మాత్రం ఏమీ ఉండదు, ఎందుకంటే వాళ్ళకు ఎవరూ ఏమీ చూపించలేదు. "నీకెందుకమ్మా, నేనొచ్చి చూస్తాను" అనే ప్రేమ మాట వల్ల ఎందరో తల్లులు తమ సొంత ఇంటి మెయిన్ ఎక్కడుందో తెలియకుండానే ఆ ఇంట్లో ముప్పై ఏళ్ళు గడిపేస్తున్నారు. విదేశాల్లో పిల్లలుండి ఇక్కడ ఒంటరిగా ఉంటున్న పెద్దవాళ్ళ సంగతి మరీ దారుణం. అర్ధరాత్రి డాలస్ నుంచి కొడుకు వీడియో కాల్‌లో "నాన్నా, ఆ వాల్వు కుడివైపు తిప్పు" అని చెప్పాల్సి వస్తోంది. ఆ వాల్వు ఎక్కడుందో కొడుక్కీ తెలియదు.

6. పిలిస్తే వచ్చేవాడు కూడా మనిషే

ఈ సలహా ఎవరి వీపు మీద నిలబడి ఉందో కూడా చూడాలి. మే నెల మిట్టమధ్యాహ్నం నాలుగో అంతస్తు బయట, అడుగు వెడల్పు సజ్జ మీద, నడుముకు తాడు లేకుండా, కాలే రేకును పట్టుకుని అవుట్‌డోర్ యూనిట్ విప్పే కుర్రాడు ఉన్నాడు. ఎండలో తిరగొద్దని మనల్ని హెచ్చరించే ప్రకటన అతనికి వర్తించదా? మనం కడగని ఫిల్టర్ కోసం, మనం తియ్యని అడ్డు కోసం అతణ్ణి ఆ ఎండలోకి రప్పిస్తున్నాం. ఆలస్యమైతే కసురుతున్నాం. ప్రాణం మీదికి రాని పనులన్నీ సాయంత్రానికి పెట్టుకోవడం, యూనిట్‌ను మనిషి నిలబడగలిగే చోట బిగించమని పట్టుబట్టడం మన చేతిలో ఉన్నవి.

7. "పెద్దలు ఇంతకన్నా ఎండలు చూశారు"

ఇదొక్కటి క్లుప్తంగా. చూశారు, మందపాటి మట్టిగోడల కింద, పెంకుల కింద, పందిళ్ళ కింద. ఆ ఇళ్ళు ఇప్పుడు లేవు. 2003లో అప్పటి ఆంధ్రప్రదేశ్‌లో వడగాడ్పులకు మూడు వేలకు పైగా చనిపోయారు. 2015లో రెండు తెలుగు రాష్ట్రాల్లో కలిపి దాదాపు రెండు వేల మంది. ఎండకు అలవాటుపడ్డవాళ్ళే వాళ్ళంతా.

8. జరగాల్సింది

ఆగమనే సలహా ఇన్నేళ్ళు నిలబడటానికి ఒక కారణం ఉంది. అది ఎవరికీ ఖర్చు పెట్టదు. డక్టు ఇరుకుగా కట్టిన బిల్డరును అడగదు, ఆర్‌సీసీబీ పెట్టని ఓనరును అడగదు, మిద్దెకు తెల్లరంగు వెయ్యని సంఘాన్ని అడగదు. తెలంగాణ 2023లో కూల్ రూఫ్ విధానం ప్రకటించి అయిదేళ్ళ లక్ష్యం పెట్టుకుంది. ఎండను వెనక్కి కొట్టే తెల్లటి పూత వేస్తే కింది గది వేడి తగ్గుతుందని ప్రభుత్వమే ఒప్పుకుంది. అలాంటప్పుడు పై అంతస్తులో అద్దెకిచ్చే ప్రతి ఇంటికీ ఆ పూత వెయ్యడం ఓనరు బాధ్యతగా ఎందుకు ఉండకూడదు?

కొత్త ఫ్లాటు కొన్నవాళ్ళ చేతిలో అయితే ఇప్పటికే చట్టం ఉంది. 2016 నాటి రెరా చట్టం ప్రకారం ఇల్లు అప్పగించిన అయిదేళ్ళలోపు పనితనంలో, నాణ్యతలో, సదుపాయాల్లో లోపం చూపితే బిల్డరు 30 రోజుల్లో ఉచితంగా సరిచెయ్యాలి. వేడిగాలి బయటికి పోని డక్టు, వాల్వు చేతికందని షాఫ్టు అలాంటి లోపాలేనని కొన్నవాళ్ళు రాతపూర్వకంగా అడగాలి. భవనం ప్లాన్లు, పత్రాలు సంఘానికి అప్పగించాలని కూడా ఆ చట్టమే చెబుతోంది. మీ సంఘం దగ్గర నీటి లైన్ల డ్రాయింగు ఉందా? లేకపోతే బిల్డరును అడిగి తెప్పించుకోవాలి. అది చేతికి రాగానే ఒక ఆదివారం మిద్దె ఎక్కి, ప్రతి వాల్వు మీదా ఫ్లాట్ నంబరు పెయింటుతో రాయించాలి. మెయిన్ ఎక్కడుందో ఇంట్లో అందరికీ చూపించి, ఒక్కొక్కరిచేతా ఒకసారి ఆఫ్ చేయించాలి. ముసలివాళ్ళు ఒంటరిగా ఉన్న ఫ్లాట్లేవో జాబితా రాసుకుని, వడగాడ్పు హెచ్చరిక వచ్చిన రోజు మధ్యాహ్నం ఎవరు వెళ్ళి తలుపు తట్టాలో పేర్లతో సహా నిర్ణయించుకోవాలి. ఇదంతా ఫిబ్రవరిలోపు అయిపోవాలి.